షుగర్, స్టెంట్, కిడ్నీ సమస్య ఉన్న ఇంటికి హెల్త్ ఇన్సూరెన్స్: అందరికీ ఒకే పాలసీ ఎందుకు వద్దంటే

ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం, చదివేవాళ్లకు కూడా తెలుస్తుంది. మీకు 47 ఏళ్లు, గుంటూరు పట్నంబజార్‌లో బట్టల షాపు, ఎనిమిదేళ్లుగా షుగర్, దాంతోపాటు బీపీ. మీ ఆవిడకు 42, థైరాయిడ్. ప్రైవేటు ఆఫీసులో ఉద్యోగం, జీతం 18,500. పదిహేనేళ్ల బాబు. తెనాలి దగ్గర ఊళ్లో అమ్మానాన్నలు వేరేగా ఉంటున్నారు, వాళ్లకు రైస్ కార్డు ఉంది. నాన్నగారికి 71, 2021లో స్టెంట్ వేశారు. అమ్మగారికి 66, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పోయినేడాది ఏజెంటు ఇంటిల్లిపాదికీ కలిపి 68,440 రూపాయల ప్రీమియం చెప్పాడు, అమ్మగారిని మాత్రం కంపెనీ తీసుకోదన్నాడు. "షుగర్ సంగతి రాయకండి, అయిదేళ్లు దాటితే ఎవరూ అడగరు" అని సలహా కూడా ఇచ్చాడు. ఇప్పుడు ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

అయిదుగురినీ ఒకే పాలసీలో పెట్టాలనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. ఫ్లోటర్ పాలసీలో, అంటే ఇంట్లో వాళ్లందరూ ఒకే మొత్తాన్ని పంచుకునే పాలసీలో, అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి ప్రీమియం వేస్తారు. అంటే 71 ఏళ్ల నాన్నగారి వయసు భారం పదిహేనేళ్ల పిల్లాడి ప్రీమియం మీద కూడా పడుతోంది. ఎవరికి ఏ దారిలో చవకగా లేదా ఉచితంగా రక్షణ దొరుకుతుందో ముందు విడదీసి చూసి, మిగిలిన ఖాళీకి మాత్రమే డబ్బు పెట్టి పాలసీ కొనాలి. మీ ఇంట్లో ఆ ఖాళీ మీరు అనుకుంటున్నంత పెద్దది కాదు.

ఆ కొటేషన్ గురించి ఒక మాట. 68,440 అంటే 58,000కు 18 శాతం జీఎస్టీ కలిపిన మొత్తం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. కాబట్టి ఆ తేదీకి ముందు తీసుకున్న కొటేషన్లన్నీ పక్కన పెట్టి కొత్తవి అడగండి.

ఇక మీరు ప్రశ్నలో ఒక వాక్యంలో తేల్చేసిన విషయం: "మా ఆవిడ పే స్లిప్‌లో ఈఎస్ఐ కోత కనపడుతుంది కానీ అది కూలీలకు కదా, ఎప్పుడూ వాడలేదు" అన్నారు. కాదండీ. నెల జీతం 21,000 లోపు ఉండి, ఈఎస్ఐ వర్తించే సంస్థలో పనిచేసే వాళ్లందరిదీ అది. ఆమె వాటా 0.75 శాతం, అంటే నెలకు 139 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. ఆ 139కి ఆమెతో పాటు భర్తగా మీకు, చదువుకుంటున్న బాబుకు కూడా వైద్యం ఉంటుంది. పాత జబ్బులన్న మినహాయింపు లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఏ ప్రైవేటు పాలసీ మామూలుగా ఇవ్వనిది ఇందులో ఉంది: డిస్పెన్సరీలో నెలనెలా షుగర్, బీపీ, థైరాయిడ్ మందులు. చాలామందికి ఇన్సూరెన్స్ ప్రీమియం కంటే ఏడాది పొడుగునా మందుల షాపులో పెట్టే ఖర్చే ఎక్కువ, ఆ ఖర్చు ఇక్కడ తగ్గుతుంది.

చేయాల్సింది ఇది. ఆవిడ ఆఫీసులో ఈఎస్ఐ ఇన్సూరెన్స్ నంబరు అడిగి, ఈ-పెహచాన్ కార్డు, అంటే ఈఎస్ఐ గుర్తింపు కార్డు, తీయించండి. అందులో కుటుంబ సభ్యులుగా మీ పేరు, బాబు పేరు ఉన్నాయో లేదో చూడండి. చాలా ఆఫీసుల్లో ఉద్యోగి పేరొక్కటే ఎక్కించి వదిలేస్తారు. మనిషి ఆస్పత్రిలో పడ్డాక పేర్లు ఎక్కించడానికి పరిగెత్తడం కష్టం. ఆధార్ కలిపి, ఇంటికి దగ్గరగా ఉన్న డిస్పెన్సరీని ఎంచుకోండి. పెద్ద చికిత్స అయితే విజయవాడ గుణదలలోని ఈఎస్ఐ ఆస్పత్రికి, అక్కడ లేని వైద్యమైతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి రిఫర్ చేస్తారు. సూపర్ స్పెషాలిటీ చికిత్సకు మాత్రం కొంతకాలం చందా కట్టి ఉండాలి.

లోపాలు కూడా తెలుసుకోండి. రిఫరల్ లేకుండా మీకు నచ్చిన కార్పొరేట్ ఆస్పత్రిలో చేరిపోతే డబ్బు రాదు. అత్యవసరమైతేనే, అదీ పరిమితుల్లో తిరిగి ఇస్తారు. ఉద్యోగం మానేస్తే కొంతకాలానికి రక్షణ పోతుంది. జీతం 21,000 దాటితే ఆ చందా కాలం ముగిసేదాకా, అంటే సెప్టెంబర్ చివరికో మార్చి చివరికో, చందా కోస్తారు, ఆ తర్వాత కొన్ని నెలలకు రక్షణ ఆగిపోతుంది. అందుకే ఈఎస్ఐ ఉంది కదా అని ప్రైవేటు పాలసీ ఆలోచన మానుకోవద్దు. ఈఎస్ఐ ఉన్న ఈ కాలంలోనే ప్రైవేటు పాలసీ వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు డబ్బు రావడానికి ముందు ఆగాల్సిన కాలం) గడిచిపోయేలా చూసుకోవాలి.

అమ్మానాన్నల సంగతికి వద్దాం. రైస్ కార్డు ఉంది కాబట్టి ఇద్దరూ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే ఇదివరకటి ఆరోగ్యశ్రీ, కిందకి వస్తారు. రైస్ కార్డు లేకపోయినా ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. కుటుంబానికి 25 లక్షల దాకా పరిమితి, 3,257 చికిత్సల జాబితా. మళ్లీ స్టెంట్ అవసరమైనా, బైపాస్ అయినా, అమ్మగారికి రేపు డయాలసిస్ దాకా వచ్చినా అవి ఆ జాబితాలో ఉన్నవే. ప్రైవేటు కంపెనీ ఏ కిడ్నీని చూసి తలుపు వేసిందో, ఆ కిడ్నీకి వైద్యం ఇక్కడ దొరుకుతుంది.

ఈ పథకం నడిచేది చికిత్సల జాబితా మీద. జాబితాలో లేని జ్వరం అడ్మిషన్, పరీక్షల కోసం రెండు రోజులు ఉంచడం లాంటివి మీ జేబులోంచే. ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉంటే చాలదు, ఆ విభాగానికి అనుమతి ఉందా అన్నది కూడా చూడాలి. గుండెకు ఉండి కిడ్నీకి లేకపోవచ్చు. ముందే 104కు ఫోన్ చేసో, ఆస్పత్రిలో ఈ పథకానికి ఉండే మిత్ర డెస్క్‌లోనో "ఈ జబ్బుకు మీ దగ్గర చేస్తారా" అని అడిగి తెలుసుకోండి. బకాయిల గొడవతో ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపిన సందర్భాలు 2025లో కూడా ఉన్నాయి. అలాంటప్పుడు గుంటూరు జీజీహెచ్, విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ మనసులో ఉంచుకోండి. అమ్మగారిని క్రియాటినిన్ ఇంకా పెరగకముందే ఈ మూడింట్లో ఒకచోట నెఫ్రాలజీ ఓపీలో చూపించి ఫైలు తెరిపించడం మంచిది.

నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఇంకొకటి. 2024 అక్టోబర్ 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో 70 నిండితే చాలు. ఏడాదికి 5 లక్షలు, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఈకేవైసీతో నమోదు చేసుకోవచ్చు, హెల్ప్‌లైన్ 14555. కార్డు చేతికొచ్చాక మీరు వెళ్లే ఆస్పత్రిలో దాని మీద ఏ చికిత్సలు చేస్తారో అడిగి రాసిపెట్టుకోండి.

తమ్ముడిని ఒక ప్రశ్న అడగండి: వాళ్ల కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలుందా? కంపెనీల గ్రూప్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులకు వెయిటింగ్ ఉండదు, వైద్య పరీక్షలూ ఉండవు. ప్రీమియం జీతంలోంచి కోస్తారు, 10 లేదా 20 శాతం కో-పే, అంటే క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా, పెడుతుంటారు. ఎవరూ తీసుకోని అమ్మగారికి ప్రైవేటు ఆస్పత్రిలో క్యాష్‌లెస్ దొరకాలంటే ఉన్న దారి దాదాపుగా ఇదొక్కటే. చేర్చే అవకాశం ఉద్యోగంలో చేరినప్పుడో, ఏటా పాలసీ రెన్యూవల్ అప్పుడో కొద్ది రోజులే ఉంటుంది. ఆ మెయిల్ చూడకుండా వదిలేస్తే మళ్లీ ఏడాది ఆగాలి. తమ్ముడు ఉద్యోగం మారితే ఈ రక్షణ ఆగిపోతుంది కాబట్టి, మానేసే ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే అవకాశాన్ని రాతపూర్వకంగా అడగాలి.

దీనికి తోడు అమ్మగారి పేరు మీద నెలకు 3,000 ఆర్డీ కట్టండి. మూడేళ్లలో అసలే 1,08,000 అవుతుంది. కిడ్నీ సమస్యను శాశ్వతంగా మినహాయించి మిగతా వాటికి పాలసీ ఇచ్చే కంపెనీ దొరికితే తీసుకోవచ్చా అంటే, 66 ఏళ్ల వయసులో ఆ ప్రీమియానికి వచ్చే ప్రయోజనం తక్కువ. కో-పే కూడా ఎక్కువగా ఉంటుంది. నేనైతే ఆర్డీ వైపే మొగ్గుతాను.

ఇప్పుడు అసలు కొనాల్సిన పాలసీ: మీకు, మీ ఆవిడకు, బాబుకు. ఇక్కడ కూడా ముగ్గురికీ ఒక ఫ్లోటర్‌కు ఎంత, మీకు విడిగా ఒకటి, తల్లీకొడుకులకు ఒక ఫ్లోటర్ అయితే ఎంత అని రెండు రకాలుగా కొటేషన్ అడగండి. విడిగా ఉంటే మీ షుగర్ లోడింగ్ (జబ్బు ఉందని వేసే అదనపు ప్రీమియం) మీ పాలసీతోనే పోతుంది, మీ క్లెయిమ్ వాళ్ల మొత్తాన్ని తినదు. తేడా కొద్దిపాటిదే అయితే విడిగా తీసుకోవడమే మేలు.

2024 ఏప్రిల్ 1 నుంచి పాత జబ్బులకు వెయిటింగ్ గరిష్ఠంగా 36 నెలలు; అంతకుముందు 48 ఉండేది. కాబట్టి ఏజెంటు పాత బ్రోచర్ చూపిస్తే పట్టించుకోకండి. మొదటి 30 రోజులు ప్రమాదాలు తప్ప మరేదీ రాదు. ఆ తర్వాత డెంగీ, అపెండిక్స్ లాంటి కొత్త జబ్బులకు వస్తుంది. శుక్లాలు, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటి వాటికి విడిగా, సాధారణంగా 24 నెలలు ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకచోట: కాలికి పుండు పడి చేరతారు, "ఇది కొత్త జబ్బు కదా" అనుకుంటారు. డాక్టరు డయాబెటిక్ ఫుట్ అని రాస్తారు, షుగర్‌కు ముడిపడింది కాబట్టి వెయిటింగ్ ముగియకపోతే క్లెయిమ్ పోతుంది. కిడ్నీ, కంటి రెటీనా సమస్యలదీ అదే దారి.

ఈ 36 నెలలను 12కో, ఇంకా తక్కువకో తగ్గించే రైడర్లు, అంటే పాలసీకి తగిలించే అదనపు రక్షణలు, అమ్ముతున్నారు. కొన్ని పాలసీలు షుగర్, బీపీలకు మొదట్నుంచీ రక్షణ ఇస్తామంటాయి, ప్రీమియం ఆ మేరకు ఎక్కువ. లెక్క ఇలా వేసుకోండి: అసలు ప్రీమియం 24,000, రైడర్‌కు ఏటా 6,000 అదనం అనుకుందాం. మీరు కొంటున్నది రెండో ఏడాది, మూడో ఏడాది రక్షణ మాత్రమే. దానికి మూడేళ్లలో 18,000 పెడుతున్నారు. మీకు ఈఎస్ఐ ఉంది కాబట్టి ఆ రెండేళ్లు దాని మీద గడపొచ్చు, రైడర్ అక్కర్లేదు. ఈఎస్ఐ లేని ఇంటికైతే నా సమాధానం వేరేగా ఉండేది.

బడ్జెట్ మరీ బిగుతుగా ఉంటే ఆరోగ్య సంజీవని చూడండి. అన్ని కంపెనీల్లోనూ ఒకే షరతులతో ఉండే ప్రామాణిక పాలసీ కాబట్టి ప్రీమియం ఒక్కటే పోల్చుకుంటే సరిపోతుంది. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మీరు భరించాలి. గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా 5,000. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10,000. పాత జబ్బు ఉంటే ఇందులోనూ లోడింగ్ వేయొచ్చు, తిరస్కరించనూ వచ్చు.

గది అద్దె దగ్గరే చాలామంది నష్టపోతారు కాబట్టి దీన్ని అంకెల్లో చూద్దాం. 5 లక్షల పాలసీ, గది పరిమితి 5,000. మీరు 8,000 గదిలో అయిదు రోజులు ఉన్నారు. గదికి 40,000, సర్జన్, ఆపరేషన్ థియేటర్ కలిపి 1,20,000, మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు 80,000, మొత్తం 2,40,000. కంపెనీ గది తేడా 15,000 మాత్రమే కోయదు. 8,000లో 5,000 అంటే 62.5 శాతం, ఆ నిష్పత్తిని సర్జన్, థియేటర్ ఛార్జీలకు కూడా వేస్తుంది: 1,20,000 కాస్తా 75,000 అవుతుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత ఉండదు. వచ్చేది 25,000 ప్లస్ 75,000 ప్లస్ 80,000, అంటే 1,80,000. అందులో 5 శాతం పోతే 1,71,000. మీ జేబులోంచి 69,000. అదే 5,000 గదిలో ఉంటే 11,250తో బయటపడేవారు. విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా అడ్మిషన్ కౌంటర్‌లో ముందు అడగాల్సింది "నా పాలసీ పరిమితిలో గది ఉందా" అని. ఖాళీ లేక పై గది ఇస్తే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

పెద్ద మొత్తం కావాలంటే 15 లక్షల పాలసీ కొనడం కంటే 5 లక్షల బేస్ పాలసీ, దాని మీద 5 లక్షల డిడక్టిబుల్‌తో (బిల్లులో మొదటి 5 లక్షలు దాటాకే డబ్బు ఇచ్చే షరతుతో) సూపర్ టాప్-అప్ బాగా చవక. "సూపర్" అన్న మాట ఉందో లేదో చూడండి. మామూలు టాప్-అప్ ఒక్కో బిల్లును విడివిడిగా చూస్తుంది, సూపర్ టాప్-అప్ ఏడాది బిల్లులన్నీ కలుపుతుంది. డయాలసిస్, కీమో లాంటి విడతల చికిత్సలకు ఈ తేడా చాలా పెద్దది. దీనికీ వెయిటింగ్ విడిగా ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

ఇంకొకటి, ఊరిని బట్టి ప్రీమియం. కొన్ని పాలసీల్లో గుంటూరు, విజయవాడ చిరునామాకు హైదరాబాద్ కంటే తక్కువ. కానీ తక్కువ జోన్‌లో కొని హైదరాబాద్‌లో చేరితే అదనపు కో-పే పడే పాలసీలున్నాయి. తమ్ముడు అక్కడే ఉన్నాడు కాబట్టి పెద్ద జబ్బు వస్తే మీరు వెళ్లేది అక్కడికే. ఈ షరతు తప్పకుండా చదవండి.

దాచడం గురించి ఏజెంటు చెప్పింది సగం నిజం. 60 నెలలు ఆపకుండా కట్టాక, విషయం చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. అయితే మోసం రుజువైతే ఆ రక్షణ లేదు. ఎనిమిదేళ్లుగా మాత్ర వేసుకుంటూ "షుగర్ లేదు" అని టిక్ పెట్టడాన్ని మరచిపోవడం అని ఎవరూ అనరు. పైగా ఆ అయిదేళ్ల లోపే జబ్బు చేస్తే క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీ కూడా రద్దవుతుంది, రద్దయిన సంగతి తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా చెప్పాలి. చెప్పి తీసుకుంటే 36 నెలలు ఆగితే సరిపోతుంది.

ప్రపోజల్ ఫారం మీరే నింపండి. ఏ ఏడాదిలో షుగర్ బయటపడింది, మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, బీపీ, ఆవిడ థైరాయిడ్, పొగ, మందు అలవాటు, పాత ఆపరేషన్లు, అన్నీ. "మూడేళ్లు దాటినవి రాయక్కర్లేదు" అనే మాట నమ్మకండి. ఫారంలో ఎప్పుడైనా అయ్యాయా అనే అడుగుతారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఏజెంటుకు చెప్పడమంటే అతను నింపిన ఫారం మీద సంతకం పెట్టడమే. పాలసీతో పాటు మీ ప్రపోజల్ కాపీ వస్తుంది. అందులో మీ షుగర్ దగ్గర "లేదు" అని ఉంటే వెంటనే మెయిల్ పెట్టి సరిచేయించండి. పాలసీ వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల గడువుంది.

అయిదు కంపెనీలకు ఒకేసారి దరఖాస్తు పెట్టకండి. ఒకటి తిరస్కరిస్తే మిగతా వాటికి అది చెప్పాల్సి వస్తుంది. మూడు నెలల లోపు హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, యూరిన్ మైక్రో అల్బుమిన్, లిపిడ్ ప్రొఫైల్, ఈసీజీ తీయించి, ఆ రిపోర్టులు ఏజెంటు ద్వారా రెండు మూడు కంపెనీల అండర్‌రైటింగ్ వాళ్లకు (పాలసీ ఇవ్వాలా వద్దా తేల్చేవాళ్లకు) ముందుగా చూపించి అభిప్రాయం అడగండి. హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉంటే మూడు నెలలు తగ్గించుకుని అప్పుడు పెట్టండి. అది మూడు నెలల సగటు కాబట్టి వారం రోజుల పథ్యంతో మారదు.

క్లెయిమ్ వేళ ఒక్క జాగ్రత్త. అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు పక్కన ఉన్న బంధువు "పదిహేనేళ్ల నుంచి షుగర్ అండీ" అని నోటికొచ్చింది చెప్తాడు. కేస్ షీట్‌లో పదిహేనేళ్లు అని ఎక్కుతుంది. మీ ప్రపోజల్‌లో ఎనిమిదేళ్లు ఉంటుంది. ఆ తేడా పట్టుకునే క్లెయిమ్ ఆపుతారు. మొదటి ప్రిస్క్రిప్షన్ కాపీ ఫైల్లో ఉంచుకుని తేదీ దాని ప్రకారమే చెప్పండి. డిశ్చార్జి సమ్మరీ సంతకానికి వెళ్లకముందే చదివి తప్పుంటే దిద్దించండి. క్యాష్‌లెస్ అనుమతికి గంట, డిశ్చార్జి ఆమోదానికి మూడు గంటలు అని 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. ఆలస్యమైతే ఆస్పత్రిలో క్లెయిమ్‌లు చూసే టీపీఏ డెస్క్‌లో ఆ మాట ఎత్తండి.

తిరస్కరిస్తే కారణం, పాలసీ క్లాజు నంబరుతో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి, తర్వాత బీమా భరోసా పోర్టల్‌లో లేదా 155255కు ఫిర్యాదు. నెల దాటినా జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు, తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి.

ఇక పన్ను సంగతి అడిగారు. పాత విధానంలో రిటర్ను వేస్తేనే హెల్త్ ప్రీమియానికి పన్ను మినహాయింపు (80డీ అంటుంటారు): మీ కుటుంబానికి 25,000, అరవై దాటిన తల్లిదండ్రులకు 50,000. ప్రీమియం నగదుగా కడితే రాదు. అమ్మగారికి ఏ పాలసీ లేకపోతే ఆమె మందులు, పరీక్షల బిల్లులే ఆ 50,000లో చూపించుకోవచ్చు, అవి కూడా నగదు కాకుండా చెల్లించి ఉండాలి. కొత్త విధానంలో ఇవేవీ ఉండవు. మీరు ఏ విధానంలో ఉన్నారో ఆడిటర్‌ను అడిగి, మందుల బిల్లులు ఈ నెల నుంచే యూపీఐలో కట్టడం మొదలుపెట్టండి.